నా ముఖం కాల్చింది టీచర్ పొడి కాదు

మా సైన్స్ టీచర్ చనిపోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. పదో తరగతి కలిసి చదువుకున్నవాళ్లం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆమె ఫొటో పెట్టి, నిన్న పొద్దున నిజామాబాద్‌లో గుండెపోటుతో పోయిందని రాశారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్య ఒకడు అడిగాడు: "గా ముఖం కాల్చిన టీచరేనా?" దానికి ఇంకొకామె జవాబు: "ఔ, ఆమెనే. పాపం, పాఠం మాత్రం మంచిగ చెప్తుండె."

నేనప్పుడు డ్యూటీలో ఉన్నాను. దవాఖానలో రక్తపరీక్షలు చేసే పని నాది. గ్లౌజులు తీసేసి, కుర్చీలో కూర్చుని, ఆ రెండు లైన్లు మళ్లీ మళ్లీ చదివాను. పదహారేళ్లయింది. మనిషి పోయింది గాని ఆ పేరు పోలేదు.

ఆ కాలిన ముఖం నాది. దాన్ని ఆమె కాల్చలేదు. ఆమె కాల్చిందని చెప్పింది మాత్రం నేనే. ఇన్నేళ్లకు నోరు విప్పానని నన్నెవరూ మెచ్చుకోవద్దు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. ఆమె కూడా మెత్తటి మనిషి కాదు.

మాది బోధన్ పక్కన కాలువ కింది ఊరు. చుట్టూ వరి, చెరుకు. ఆమె రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, నల్ల గొడుగు వేసుకుని బడికి నడిచేది. పొడుగ్గా, నల్లగా ఉండేది. పెళ్లి చేసుకోలేదు. అప్పటికి నలభై అయిదేళ్లుంటాయి. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, రోడ్డు మీద పడ్డ ఏదో కాయనో ఆకునో ఏరి సంచిలో వేసుకునేది. టీచరమ్మ చెత్త ఏరుకుంటుందని మేం నవ్వుకునేవాళ్లం.

మా బడిలో ల్యాబ్ అంటే రెండు బల్లలు, ఒక ఇనుప బీరువా. తొమ్మిదో తరగతి మొదటి రోజు ఆమె ఆ బల్ల మీద ఒక షాంపూ ప్యాకెట్, ఒక పేస్టు, అంట్లు తోమే సబ్బు, బండలు తుడిచే మందు సీసా పెట్టింది.

"వీటిల ఏమేం కలిపిండ్రో సదువుర్రి" అంది.

భూతద్దం పెట్టుకుని కూడబలుక్కుని చదివాం. సగం పేర్లు నోరు తిరగలేదు.

"ఇప్పుడు చెప్పుర్రి. వీటిల మన ఇంట్ల చేస్కునేటివి ఏమన్న ఉన్నయా?"

 ఆమె సంచిలోంచి కుంకుడుకాయలు తీసింది. రాయితో చితక్కొట్టి, గింజలు పక్కన పెట్టించి, వేడినీళ్లలో నానేసి మా చేత పిసికించింది. తెల్లటి నురుగు వచ్చింది. జిడ్డు పట్టిన గరిటె అందులో ముంచి తీసి, నురుగు నూనెను ఎట్లా పట్టుకుంటుందో, నీళ్లతో ఎట్లా పోతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. షాంపూ కూడా ఇదే పని చేస్తుందని చెప్పింది. మా అవ్వ రోజూ చేసే పని సైన్స్ పుస్తకంలోకి ఎక్కొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ ఏడాదంతా ఏదో ఒకటి చేయించింది. వేపపుల్ల బొగ్గు, ఉప్పు, లవంగం నూరి పళ్లు తోముకునే పండ్లపొడి. కాళ్ల పగుళ్లకు కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించిన మలాం. నిమ్మతొక్కలు, బెల్లం, నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పోసి మూడు నెలలు మురగబెడితే బండలు తుడిచే నీళ్లు. బోధన్ పక్కన బెల్లానికి ఏం కొదవ. ఆ సీసా మూత రోజూ ఒకసారి తీసి గాలి వదలాలి. వంతులు వేసింది. దసరా సెలవుల్లో అందరం మరిచిపోయాం. సీసా బీరువాలోనే పగిలింది. అదే బీరువాలో మా పెద్దసారు, అంటే హెడ్మాస్టర్, రిజిస్టర్లుండేవి. హాజరు పుస్తకం పరీక్షల దాకా నిమ్మకాయ వాసన కొట్టింది. పెద్దసారు అరుస్తుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం కిటికీలోంచి చూశాం.

ఒకరోజు మగపిల్లల్ని ఆటలకు పంపి, తలుపు వేసి, పాత నూలు చీర ముక్కలు తెచ్చింది. నెలసరికి గుడ్డ ఎట్లా మడిచి కుట్టుకోవాలో, ఎట్లా ఉతకాలో చూపించింది. "ఉతికేది అందరికి తెలుసు. ఆరేసేదే తెల్వదు" అంది. "సిగ్గువడి మంచం కింద ఆరేస్తరు. రోగం ఆడ్నుంచే వస్తది. ఎండల ఆరేయుర్రి. ఎవడన్న సూస్తే సూడనియ్యుర్రి." మరునాడు బడి వెనక గోడకు తానే మేకులు కొట్టి తాడు కట్టింది.

ఇదంతా ఆమె పిసినారితనమని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆమె చెవిన కూడా పడింది. క్లాసులోనే జవాబు చెప్పింది. "ఒక వస్తువు ఎందుకు పనిచేస్తదో తెలిస్తే కొనాల్నా వద్దా నీ ఇష్టం. తెల్వకపోతే అమ్మేటోని ఇష్టం." ఇంకో మాట కూడా ప్రతిసారీ చెప్పేది. ఒంటికి పెట్టుకునేది ఏదైనా ముందు మోచేతి లోపల కొంచెం పెట్టి ఒకరోజు ఆగాలి. కంటికి, పుండుకు, పసిపిల్లకు ఇంటి మందు లేదు, దవాఖానకే పోవాలి. పాఠం అయిపోయాక మా చేత వల్లె వేయించేది.

పదో తరగతిలో ఒక వారం నలుగుపిండి చేశాం. పెసరపిండి, శనగపిండి, ఎండిన నారింజ తొక్క పొడి, కొంచెం పసుపు. ముప్పై మంది ఆడపిల్లలం కాగితం పొట్లాలు కట్టుకున్నాం. నేను లేచి అడిగాను: "టీచర్, ఇది పూసుకుంటే తెల్లగయితరా?"

ఆమె నా దిక్కు చూసింది. "కారు. మురికి పోతది. నీ రంగు మురికి కాదు."

ఆ మాట నేను విన్నాను. నమ్మలేదు. అప్పటికే నా పుస్తకాల సంచిలో తెల్ల డబ్బా ఉంది.

బడి పండుగకు డ్యాన్సు నేర్పడానికి వచ్చినతను నన్ను చివరి వరసలో నిలబెట్టాడు. నాకంటే అడుగులు తప్పే పిల్లలు ముందు నిలబడ్డారు. ఎందుకని నేనడగలేదు, అతను చెప్పలేదు. బస్సులు ఆగేచోట ఒక ఫ్యాన్సీ షాపు ఉండేది. గాజులు, రిబ్బన్లు, పౌడర్లు. ఆ షాపాయన్ని ఊరంతా సేటు అనేవాళ్లు. మా బడి కమిటీకి ఆయనే పెద్ద. మా బాపు కౌలుకు చేసే మూడెకరాలు కూడా ఆయనవే. నేను పౌడర్ అడిగితే, ఆయన కింది అరలోంచి చిన్న తెల్ల డబ్బా తీశాడు. పేరు లేదు, చీటీ లేదు.

"పెద్ద డాక్టర్లు రాసిచ్చేది. వారంల నీకే తెలుస్తది. ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

వారంలోనే తెలిసింది. ముఖం నిజంగానే తెల్లబడింది. అమ్మ కూడా ముఖంలో కళ వచ్చిందని మురిసింది. రెండు నెలలు పూశాను. మూడో డబ్బాకు పోతే సరుకు రాలేదన్నాడు. పూయడం మానిన నాలుగో రోజు నుంచి ముఖం మండటం మొదలైంది. ఎర్రగా కందింది, పొక్కులు లేచాయి, ముక్కు పక్కన తోలు ఊడింది. సరుకు రాగానే మళ్లీ పూశాను. రెండు రోజులు తగ్గి ఇంకా ఎక్కువైంది.

ప్రార్థనలో ఎండలో నిలబడలేక చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అందరికంటే ముందు చూసింది టీచరే. చెయ్యి పట్టుకుని ల్యాబ్‌లోకి తీసుకుపోయింది.

"ఏం పూస్తున్నవ్?"

నేను సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

"మనం చేసిన పిండా?"

"కాదు టీచర్. అది ఇప్పలేదు. పొట్లం గట్లనే ఉంది."

"మరి?"

ఆమె అరిచి ఉంటే నేను చెప్పేదాన్ని కాదేమో. అరవలేదు. స్టూలు లాగి నా ఎదురుగా కూర్చుని ఊరుకుంది. పీరియడ్ గంట కొట్టినా లేవలేదు. సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాను. తిప్పి తిప్పి చూసింది. వాసన చూసింది.

"ఏమున్నదో రాయలేదు" అంది. "రాస్తే కొనరని రాయలేదు."

నాకు భయమేసి ఏడుస్తూ అడిగాను: "మీరే ఏదన్న చేసియ్యుర్రి టీచర్. పసుపో, కలబందో."

అప్పుడు అరిచింది. "ఏం చెప్పిన నేను? పుండుకు ఇంటి మందు ఉందా? నా చేతుల ఉన్నదాన్కి నేను చేస్త. ఇది నా చేతుల లేదు. నడువు, మీ అమ్మను పిలువు."

ఆ మధ్యాహ్నమే నన్నూ అమ్మనూ నిజామాబాద్ చర్మాల డాక్టర్ దగ్గరకు తీసుకుపోయింది. ఆయన డబ్బా చూడగానే మూత పెట్టేశాడు. ఇందులో గట్టి మందు కలిపారని, అది చర్మాన్ని పలచన చేస్తుందని, ముందు తెల్లగా కనిపించి తర్వాత ఇట్లాగే అవుతుందని చెప్పాడు. ముఖానికి తానిచ్చింది తప్ప ఇంకేదీ పెట్టొద్దన్నాడు. నెలలు పడుతుందన్నాడు. చీటీ మీద అంతా రాశాడు.

ఆమె ఇల్లు నిజామాబాద్‌లోనే. అక్కడే ఉండిపోవచ్చు. కాని మాతో పాటు మళ్లీ బస్సెక్కింది.  కిటికీలోంచి నా మీద ఎండ పడకుండా గొడుగు సగం తెరిచి పట్టుకుంది. మా ఊళ్లో దిగి నేరుగా షాపుకు నడిచింది. అమ్మ భయపడి ఇంటికి లాగుతున్నా నేను రోడ్డు అవతల నిలబడి చూశాను.

"ఇసొంటి డబ్బలు ఎన్నున్నయ్?" అని అడిగింది.

"ఏం కావాలె టీచరమ్మా మీకు?"

"ఏమున్నది ఇందుల?"

"క్రీం."

"ఏం క్రీం?"

"ముఖం క్రీం."

"గా పిల్ల ముఖం సూసినవా?"

సేటు నా దిక్కు చూడలేదు. "పిల్లలు ఏమేం పూసుకుంటరో మనకేం ఎరుక. బడిల మీరే పిండిలు, పసుపులు పూపిస్తున్నరంట గద."

ఆమె ఒక డబ్బా కొంది. బిల్లు అడిగింది. బిల్లు ఇయ్యనన్నాడు. "బిల్లియ్యలేని సరుకు పిల్లలకు అమ్ముతున్నవ్" అని, మందుల ఇన్‌స్పెక్టర్‌కు రాస్తానని అక్కడున్న నలుగురూ వినేలా చెప్పింది. రాసింది కూడా. పోస్టు డబ్బాలో వేసి వచ్చి మాకు పాఠం చెప్పింది.

నాలుగు రోజుల తర్వాత సేటు మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని అమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు. జేబులోంచి రాసి ఉన్న కాగితం తీశాడు. టీచర్ ఇచ్చిన పొడి పూసుకుని మా బిడ్డ ముఖం పాడైంది, చర్య తీసుకోండి అని బాపు అర్జీ పెట్టుకున్నట్టు అందులో ఉంది.

"గది కాదు గదా సేటు" అన్నాడు బాపు. "డాక్టర్ వేరే చెప్పిండు."

"డాక్టర్ చెప్పింది నీకు సమజైందా?" అని నవ్వి సేటు మెల్లగా అడిగాడు. "యాసంగి పంటకు భూమి నీకే ఉండాల్నా, ఇంకొకలకు ఇయ్యాల్నా?"

బాపు సంతకం పెట్టాడు. సేటు పోయాక నా పక్కన కూర్చుని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక్క మాటనే బిడ్డా. ఆమెది సర్కారు నౌకరి. ఆమెకేం గాదు. భూమి పోతే మనమేం తింటం." అమ్మ డాక్టర్ చీటీని పెట్టెలో చీరల కింద పెట్టింది.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. అయినా నాకు కోపమే. ఆ కోపం చూపించే ధైర్యం నాకుండి ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

విచారణ పెద్దసారు గదిలో జరిగింది. జిల్లా విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చిన సారు కుర్చీలో, పక్కన సేటు, ఇంకో పక్క పెద్దసారు. బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టీచర్ కూడా నిలబడే ఉంది. బల్ల మీద నా నలుగుపిండి పొట్లం ఉంది. దాన్ని ఇంట్లోంచి తెచ్చిచ్చింది బాపే. ఒకవైపు విప్పి, కొంచెం పిండి తీసేసి తెచ్చాడు.

"ఇది పూసుకున్నంకనే అయిందా?" అన్నాడు ఆ సారు.

"ఔ సార్."

"ఎవరిచ్చారు?"

"టీచర్."

ఇంతే. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో అన్నిటికంటే చిన్నవి ఈ రెండు మాటలు. ఆయన నన్ను ఇంకేమీ అడగలేదు. ఎన్ని రోజులు పూశావు, ఇంకేమన్నా వాడావా, డాక్టర్‌కు చూపించారా, ఒక్కటీ అడగలేదు. అడిగితే ఏదో ఒక దాని దగ్గర నేను ఆగిపోయేదాన్నేమోనని ఇప్పటికీ అనుకుంటాను. నా తప్పును ఆయన మీద తోయడానికి కాదు. ఆయన పని కూడా ఆయన చేయలేదని చెప్పడానికి.

టీచర్ ఆయనతో మాట్లాడింది. "సార్, ముప్పై మంది తీస్కపోయిండ్రు ఈ పిండి. మిగిలినోళ్లను పిలువుర్రి. ముఖాలు సూడుర్రి."

"మీరు మధ్యల మాట్లాడొద్దమ్మా."

"దవాఖాన చీటీ ఉంది. తెప్పియ్యుర్రి."

"అవసరమైతే తెప్పిస్తం."

ఆమె నా దిక్కు తిరిగింది. ఇప్పుడు నిలదీస్తుందనుకున్నాను. నేను ఆమె చెప్పులు చూస్తూ నిలబడ్డాను. ఆమె అంది: "పిల్లను ఇంటికి పంపుర్రి. ముఖం మీద ఎండ పడొద్దు."

నేను వరండా దాటుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. బడి మొత్తం విన్నది. "నన్నేమన్న చేస్కోర్రి. ముందు గా షాపుల డబ్బలు తీయిపియ్యుర్రి. ఇంకొక పిల్ల పూస్తది."

డబ్బాలు ఎవరూ తీయలేదు. ఇన్‌స్పెక్టర్ ఒకాయన వచ్చి చూశాడని, ఆ రోజు షాపులో ఒక్క డబ్బా లేదని తర్వాత విన్నాను. టీచర్‌ను జిల్లాకు ఆ చివర ఏర్గట్ల వైపు బదిలీ చేశారు. పిల్లల మీద ప్రమాదకరమైన ప్రయోగాలు చేసిందని ఆర్డరులో రాశారు. మా పెద్దసారు బీరువా ఖాళీ చేయించి, సీసాలు, పండ్లపొడి, కుంకుడుకాయల సంచి బడి వెనక కుప్పలో పారబోయించాడు. మరునాడు వాన పడింది. ఆ చెత్తకుప్ప మీద కుంకుడు నురుగు తెల్లగా పొంగి, కాలువ దాకా పారింది. మేం క్లాసులో కూర్చుని చూస్తూనే ఉన్నాం. 

నా ముఖం నెమ్మదించడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పటికీ ఎండలో పోతే చెంపలు మండుతాయి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, నిజామాబాద్‌లో ఉద్యోగం వచ్చాక, ఏడేళ్ల కింద ఒక ఆదివారం ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. తలుపు తీయగానే గుర్తుపట్టింది. నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది.

"మందు వాడుతున్నవా?"

"ఎండకు పోయినప్పుడు పెడుతున్న టీచర్."

"ఎవరు రాసిండ్రు?"

చెప్పాను. లోపలికి రమ్మంది. చాయ్ పెట్టింది. నేను ముందే తయారు చేసుకున్న మాటలన్నీ చెప్పి, క్షమించమన్నాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నాకు నీ మీద కోపముంది" అంది. "పిల్లవు, భయపడ్డవు, మీ బాపుకు భూమి పోతుండె. అన్ని తెలుసు. తెలిసినా కోపముంది. పోయిందని అబద్ధం చెప్పలేను."

"ఏం చెయ్యమంటరు టీచర్?"

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెలుసు గదా. తెల్వనోళ్లకు చెప్పు."

చెప్తానన్నాను. ఆమె తలూపి, కాసేపటికి ఏర్గట్ల సంగతి తానే ఎత్తింది. "ఊరి నిండ పసుపే. ఉడకవెట్టి, రోడ్ల మీద, కల్లాలల్ల ఆరవోస్తరు. గంత పసుపు మధ్యల ఏడేండ్లు పనిచేసిన. ఒక్క పిల్ల చేతుల చిటికెడు పసుపు పెట్టలేదు. భయపడ్డ. పుస్తకంల ఉన్నది చెప్పి రూముకొచ్చిన." మాక్లూర్ దిక్కు బదిలీ అయి రెండేళ్లయినా అక్కడ కూడా అంతేనంది. ఆమె భయపడ్డానని చెప్పడం అదొక్కసారే విన్నాను.

నాకు అన్నిటికంటే మండేది ఇక్కడే. ఆమె జీతం తగ్గలేదు, ఉద్యోగం పోలేదు, కాబట్టి పెద్ద నష్టమేం లేదని బాపు ఈనాటికీ అంటాడు. ఏడాదికి ముప్పై మంది ఆడపిల్లలను లెక్కేసుకోండి. మోచేతి లోపల పెట్టి ఒకరోజు ఆగమని వాళ్లకెవరూ చెప్పలేదు. గుడ్డ ఎండలో ఆరేసుకోమని చెప్పలేదు. నీ రంగు మురికి కాదని చెప్పలేదు. ఇప్పుడు మా దవాఖానకు వచ్చే పిల్లలు ఫోన్‌లో ఎవరో చెప్పారని నిమ్మరసంలో వంటసోడా కలిపి పూసుకుని, ముఖాలు కాల్చుకుని వస్తున్నారు. ఇంటి వస్తువే గదా, ఏం కాదనుకున్నాం అంటారు. ఇంటి వస్తువుకు కూడా హద్దు చెప్పిన మనిషి నోరు మేమంతా కలిసి మూశాం.

పోయిన ఎండాకాలం ఊరికి పోయినప్పుడు సేటు షాపు చూశాను. అద్దాలు పెట్టించాడు. ముందు వరసలో గాజు సీసాల్లో నలుగుపిండి. సీసా మీద రోలు దగ్గర కూర్చున్న ముసలామె బొమ్మ, ఇంటి పద్ధతిలో చేసినదని పెద్ద అక్షరాలు. సబ్బు కంటే ఎన్నో రెట్లు ధర. పెసరపిండి, శనగపిండి, నారింజ తొక్క, పసుపు. చీటీ తిప్పి చదివాను. ఏ పిండిని చూపించి ఒక మనిషిని ఊరు దాటించాడో అదే పిండిని అమ్ముకుంటున్నాడు. కింది అరలో పేరు లేని డబ్బాలు ఇప్పుడూ ఉన్నాయి. రంగు మాత్రం మారింది.

ఆ రోజు కూడా నేనేమీ అనలేదు. బాపు ఆ భూమి వదిలేసి అప్పటికే నాలుగేళ్లు. భయపడటానికి కారణమే లేదు. ఊరుకోవడం అలవాటైపోయింది, అంతే.

టీచర్ పోయిన పదోరోజు ఆమె తమ్ముడి ఇంట్లో భోజనాలు పెట్టారు. ఆమెతో పనిచేసినవాళ్లు, మాక్లూర్ వైపు ఆడపిల్లలు కొందరు వచ్చారు. ఫొటో ముందు ఒక్కొక్కరు రెండు మాటలు చెప్పారు. మా పెద్దసారు కూడా వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు. లేచి నిలబడి, "ప్రయోగాలల్ల ఒకటి రెండు వికటించినా, ఆమె మనసు మంచిది" అన్నాడు.

నేను లేచాను. వికటించిందేదీ లేదన్నాను. ఇక్కడ రాసినదంతా అక్కడ చెప్పాను, ఇంత వరసగా కాదు.  పెద్దసారు, "ఇప్పుడెందుకమ్మా గవన్ని" అన్నాడు. ఎవరో నీళ్లు తెచ్చిచ్చారు.

ఆమె తమ్ముడు కూర్చున్న చోటు నుంచి కదలలేదు. అక్క కంటే పదేళ్లు చిన్న. "మా అక్క ఉండంగ ఎందుకు చెప్పలె?" అని అడిగాడు.

 ఏడుపొచ్చింది.

"ఏడ్వకు" అన్నాడు. "ఏడిస్తే నీకు నిమ్మళమైతది. మాకేమొస్తది." లోపలికి పోయి ఒక ఫైలు తెచ్చాడు. బదిలీ ఆర్డరు, ఆమె పెట్టుకున్న అర్జీలు, దేనికీ జవాబు లేదు. "గిది ఇంక గట్లనే ఉంది. నువ్వు చెప్పింది రాసియ్యి. రాసి ఆఫీసుల ఇయ్యి."

ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో నిజం రాశాను. ముగ్గురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. నలుగురు ఫోన్ చేశారు, అందులో ఇద్దరు ఆ తెల్ల డబ్బా తామూ వాడామని చెప్పారు. బాపుకు కూడా ఫోన్‌లో చెప్పాను.  "డాక్టర్ చీటీ పెట్టెలనే ఉంది, తీస్కపో" అన్నాడు.

సోమవారం ఆ చీటీ నకలు, నా వాంగ్మూలం రెండు ప్రతులు పట్టుకుని ఆఫీసుకు పోయాను. గుమాస్తా మొదటి పేజీ చదివి తలెత్తాడు.

"ఆమె చనిపోయిందని మీరే రాసిండ్రు. ఇంకెవరికమ్మా ఇది?"

"ఫైలుకు."

"గప్పటి ఫైలు ఉన్నదో లేదో."

"ఉంటే అందుల పెట్టుర్రి. లేకుంటే కొత్తది తెరువుర్రి. మీకు ముట్టినట్టు నాకు ముద్ర కావాలె."

ఆయన రెండో పేజీ కూడా చదివాడు. ఒకసారి నా చెంపల దిక్కు చూసి, వెంటనే కళ్లు దించుకున్నాడు. సొరుగు లాగి ముద్ర తీసి నా ప్రతి మీద కొట్టాడు. సిరా ఆరిపోయి ఉంది. తేదీ సగమే పడింది.

"కనవడ్తలేదు" అన్నాను. "ఇంకోసారి కొట్టుర్రి."

ఆయన స్టాంపు ప్యాడ్ మీద రెండు చుక్కల సిరా పోసి, ముద్రను అద్ది, బలంగా కొట్టాడు. ఈసారి నిండుగా పడింది, అంచుల్లో కాస్త పాకింది. అది అలుక్కుపోకుండా కాగితాన్ని రెండు మూలల దగ్గర పట్టుకుని, ఆ గది మధ్యలో తిరుగుతున్న ఫ్యాన్ కింద నిలబడ్డాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు జరగమన్నారు. ఊదా రంగు సిరా మెల్లగా ఆరుతూ ఉంది. పూర్తిగా ఆరేదాకా నేను జరగలేదు.